ఏడో వంతు

శ్రమదినాలు, ఇరవై రెండో రోజు

ఈ పుస్తకం వినికిడి గదిది. గంట, పడవ, వంతు, తేడా ఉంటే ఆ తేడా, ఇంతవరకే రాయాలని నియమం. పదహారేళ్ళుగా అంతే రాశాను. ఈ రోజు నుంచి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. ఈస్టర్‌కు ముందొచ్చే మట్టల ఆదివారం సభలో ఒకరి వంతు తీసెయ్యబోతున్నారు, దానికి నేను రాసిన ఒక వాక్యం ఆధారం.

పొద్దున కరెంటిచ్చే సూర్యపలకల మీద కొంగల రెట్ట తుడిచాను. హెడ్‌ఫోన్ల దూదిగుడ్డలు ఉప్పు పట్టి గరగరలాడుతుంటే వాననీళ్ళలో జాడించి ఆరేశాను. ఆరు గంటలకు మొదటి పడవ కేక వేసింది.

మేముండే తెప్పల కింద పాతూరు ఉంది. మేడలు, సెల్ టవర్లు, నీళ్ళ ట్యాంకు అన్నీ మునిగి నిలబడే ఉన్నాయి, కొన్ని నీటికి మూరెడు కిందే. ఆ మేడల మధ్య తాళ్ళు కట్టి ఆల్చిప్పలు పెంచుకుంటాం. నీళ్ళు టీ రంగు, ముంచిన చెయ్యి కనపడదు. అందుకని పడవ నీళ్ళలోకి కేక వేస్తుంది. కేక గోడకు తగిలి మారుమోతగా తిరిగొస్తుంది. ఎంతసేపటికి వచ్చిందో చూసి గోడ ఎంత దూరమో ఆ కేక వేసే యంత్రం, సౌండర్, చెబుతుంది. మా సౌండర్లన్నీ ఒకే గిడ్డంగిలో దొరికినవి, అన్నిటిదీ ఒకే గొంతు. రెండు పడవలు ఒకేసారి కేక వేస్తే ఎవరి మారుమోత ఎవరిదో తెలియదు.

అందుకే వంతులు. పన్నెండు వంతులు, వంతుకు ఎనిమిది అంకెలు లెక్కపెట్టేంత సమయం. ఆ ఎనిమిది అంకెల్లో కేక పుట్టాలి, తగలాలి, తిరిగిరావాలి, చచ్చిపోవాలి. అప్పుడే పక్క పడవ వంతు. పన్నెండూ అయితే ఒక చుట్టు, మళ్ళీ మొదటికి. తమ వంతు కానప్పుడు పడవలు చెవులు మూసుకుంటాయి, బ్యాటరీ మిగలాలి కదా. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా అన్ని వంతులూ వినేది నేనొక్కదాన్నే.

అన్నీ కాదు. ఏడో వంతు ఖాళీ. పడవ మునిగిపోతే దాని వంతు ఏడాదిపాటు ఎవరికీ ఇవ్వరు. ఆ వంతు వచ్చినప్పుడు వినే మనిషి మీట దించి చెవులకు, విన్నదాన్ని కాగితం మీద గీతగా గీసే ముల్లుకు కూడా శబ్దం రాకుండా చెయ్యాలి. పోయినవాళ్ళ నిశ్శబ్దంలో చెవి పెట్టకూడదని మా పద్ధతి. ఏడో వంతు నా భర్త జెకర్యాది. ఆయన పడవ మునిగి ఏడేళ్ళయింది. ఏడాది దాటాక అడిగి ఉంచుకున్నాను. "వినే మనిషి ఎప్పుడూ ఏమీ అడగలేదు, ఇదొక్కటీ ఇద్దాం," అన్నారు తెప్ప పెద్ద వీర్రాజు గారు. అలా ఆరేళ్ళుగా ఇస్తూనే ఉన్నారు.

మీట దించినప్పుడల్లా ఒక్క మాట అనుకుంటాను. ప్రభువా, నీళ్ళలో ఉన్న మనిషిని నీ చేతిలో ఉంచుకో. నెమ్మదిగా అంటే సరిగ్గా ఎనిమిది అంకెలు పడుతుంది.

ఈ రోజు మధ్యాహ్నం ఎనిమిదో పడవ నడిపే నూకరత్నం గదిలోకి వచ్చింది. చెప్పులు కూడా విప్పలేదు.

"పిన్నీ, నీ వంతుల పట్టికలో ఎక్కడో బొక్కుంది."

"కూర్చో అమ్మా."

"కూచోడానికి రాలేదు. లేని గోడ కనపడతంది నాకు. నెలరోజుల్నించీ అంతే. గోడుందని పక్కకి తిప్పితే నిజం ట్యాంకు తగిలింది. మా ఆయన భుజం ఇరిగిపోయి పడుకున్నాడు."

"పట్టికలో తప్పు లేదు," అన్నాను.

"అయితే నా చెవిలో ఉందా?"

"నేనలా అనలేదు."

"నోటితో అన్లేదు. పెద్దకి రాసిచ్చావు కదా! నీ గొంతు ఎంత మెత్తనో నీ రాత అంత కత్తి."

ఆమె విసురుగా వెళ్ళిపోయింది. నేను రాసింది ఇదే: పట్టికలో తప్పు లేదు, అన్ని వంతులూ విన్నాను. ఆ సౌండర్‌ని బాగుచేసేది నా మరిది తీతు. "యంత్రం శుభ్రంగా ఉంది, నడిపే మనిషికే వినడం రాదు," అని అతనూ చెప్పాడు. మా ఇద్దరి మాట మీద సభ ఆమె వంతు తీసేస్తుంది. వంతు లేని పడవ కదలకూడదు. పడవ కదలనివాళ్ళు తెప్ప మీద ఉండకూడదు. ఒడ్డున ఉన్న శిబిరానికి పోవాల్సిందే, అక్కడ నీళ్ళకే వరస కట్టాలి.


ఇరవై ఐదో రోజు

కొన్ని రాత్రులు ఆలోచించి, ఈ పొద్దున ఒక మార్పు చేశాను. నూకరత్నాన్ని మూడో వంతుకు, మూడో పడవ సింహాద్రి గారిని ఎనిమిదో వంతుకు మార్చాను. సింహాద్రి గారిది ముప్పయ్యేళ్ళ అనుభవం, ఆయన చెవిని ఎవరూ తప్పుపట్టరు. ఎందుకు మార్చానో ఇద్దరికీ చెప్పలేదు.

పది గంటలకే సింహాద్రి గారు పడవ కట్టేసి వచ్చేశారు.

"కృపమ్మా, నీళ్ళలో గోడ మొలిచింది."

"ఎక్కడండీ?"

"ఎక్కడంటే ఏం చెప్పను? రాత్రికి రాత్రి ఎవడో మేడ కట్టినట్టుంది, గృహప్రవేశానికి పిలవలేదు. నేను తాగి పదిరోజులైంది. కావాలంటే మా ఆవిణ్ణడుగు."

నూకరత్నానికి మూడో వంతులో రోజంతా ఏ గోడా కనపడలేదు.

అంటే ఆ దొంగ మారుమోత పడవతో కలిసి మారలేదు, వంతునే పట్టుకుని ఉంది. నూకరత్నం చెవి బాగానే ఉంది. ఈ సంగతి ఇక్కడ రాస్తున్నాను, సభలో కూడా చెబుతాను. కానీ కారణం చూపించకుండా చెబితే, వంతుల పట్టికే చెడిందంటారు. అప్పుడు అన్ని పడవలకూ నమ్మకం పోతుంది.


ఇరవై ఆరో రోజు

వీర్రాజు గారిని మూడు చుట్ల మౌనం అడిగాను. పడవలన్నీ తాళ్ళకు కట్టేసి, ఒక్కటీ కేక వెయ్యకుండా ఉండాలి. ఎవరూ అరవనప్పుడు ఏదైనా వినపడితే అదే దొంగ.

తీతు అక్కడే ఉన్నాడు. "ఎందుకొదినా ఇదంతా? గాలి లేస్తే కేక లేకుండా పడవలు ఏమైపోతాయి? ఆ నూకరత్నం నోటికి భయపడిపోయావు నువ్వు."

"కట్టేసిన పడవలకు గాలి ఏం చేస్తుంది తీతూ?"

"నీ ఇష్టం. అన్న ఉంటే ఇలాంటివి చెయ్యనిచ్చేవాడు కాదు."

వీర్రాజు గారు నా ముఖంలోకి చూసి, సోమవారం పొద్దున చేసుకోమన్నారు.

తీతు నాకు తోడబుట్టినవాడి కింద లెక్క. ఆ రోజు పడవ మునిగినప్పుడు చెక్కముక్క పట్టుకుని బతికొచ్చింది అతనొక్కడే. ప్రతి ఏడూ జ్ఞాపకార్థ కూడిక రోజున మా ఇంట్లో అన్నం తిని కళ్ళు తుడుచుకుంటాడు. నా సూర్యపలకలకు తీగలు మార్చేదీ అతనే. అంత విసుగ్గా అతను నాతో ఎప్పుడూ మాట్లాడలేదు.


ఇరవై తొమ్మిదో రోజు

మౌనం ఎనిమిదింటికి మొదలైంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొదటి చుట్టు. ఒకటి నుంచి ఆరు వరకు ఏమీ లేదు. నీళ్ళు తెప్ప కింద కొట్టుకోవడం, రొయ్యల చిటపట. ఏడు, ఏమీ లేదు. ఎనిమిదో వంతు మొదలయ్యాక ఒకటో అంకెకు, సన్నగా, అరిగిపోయిన మారుమోత. ఏ కేకా లేకుండా మారుమోత. తొమ్మిది నుంచి పన్నెండు వరకు ఏమీ లేదు.

కేక లేకుండా మారుమోత పుట్టదు. పుస్తకంలో "ఏడు, ఏమీ లేదు" అని రాశాక కలం ఆగిపోయింది. ఏడులో ఏమీ లేదని నాకెలా తెలుసు? నేను మీట దించాను. మౌనం పెట్టించిందే అన్ని వంతులూ వినడానికి, అయినా నా చెయ్యి దానంతటది వెళ్ళి మీట దించింది. నా పెదాలు ప్రార్థన కూడా చెప్పాయి. నూకరత్నం మీద నేను రాసిచ్చిన వాక్యం గుర్తొచ్చింది. అన్ని వంతులూ విన్నాను. పన్నెండింటిలో పదకొండు వినే మనిషి రాయదగిన వాక్యం కాదు అది.

రెండో చుట్టు. వినాలనుకున్నాను. చెయ్యి మళ్ళీ దించింది.

మూడో చుట్టు. కుడిచేతిని ఒళ్ళో పెట్టి ఎడమచేత్తో గట్టిగా పట్టుకున్నాను. ఏడో వంతు వచ్చింది. ముందు ఏమీ లేదు. తర్వాత కేక. మా పడవల కేకకంటే రెండింతలు పెద్దది, గొంతు మాత్రం మా సౌండర్లదే. వంతు మొదట్లో కాకుండా అర ఊపిరి ఆలస్యంగా వచ్చింది.

ఇప్పుడు అంతా కుదిరింది. మా కేకలు చిన్నవి కాబట్టి ఎనిమిది అంకెల్లో చచ్చిపోతాయి. దీనికి ఎవరో బలం పెంచారు. ఇది పాత రేవు గోడ దాకా పోయి తగిలి, తన వంతు అయిపోయాక తిరిగొస్తోంది. అప్పుడు ఎనిమిదో పడవ చెవి తెరిచి ఉంటుంది. అది తన మారుమోతే అనుకుని, లేని గోడను చూస్తుంది.

ఇంత తెలిశాక సంతోషించాలి. నేను మాత్రం లేచి చెక్కపెట్టెలోంచి పాత పుస్తకాలు తీశాను. ఏడేళ్ళ కిందటివి, ఇంకా ముందువి. ప్రతి పేజీలో నా చేతిరాతే. ఏడు, అర ఊపిరి ఆలస్యం. ఏడు, అర ఊపిరి ఆలస్యం. మీట నొక్కేది మనిషి చెయ్యి, ఏ ఇద్దరి చేతులూ ఒక్కలా ఉండవు. ఇంటికొచ్చాక నేను కోప్పడేదాన్ని. "నువ్వు నా కోసం ఎదురుచూడాలని," అనేవాడు ఆయన నవ్వుతూ.


ముప్పై ఒకటో రోజు

రెండు రోజులు మీట దించలేదు. తెప్పకు రెండు కొసల్లో, నీళ్ళలోకి దించిన మైకులు, రెండు చెవులున్నాయి. కేక ముందు తూర్పు చెవికి, తర్వాత పడమటి చెవికి వస్తోంది. తూర్పున మా హద్దుకు అవతల ఉన్నది తుక్కు ఓడ ఒక్కటే. పాత రేవులో మునిగిన ఇనుము లాగి తీసుకుపోయేవాళ్ళది. వాళ్ళకు వంతులు లేవు, పెద్దలు లేరు, సభ లేదు.

సాయంత్రం తీతు తీగలు చూడ్డానికి వచ్చినప్పుడు, పాత పుస్తకాన్నీ కొత్త పుస్తకాన్నీ పక్కపక్కన తెరిచి అతని ముందు పెట్టాను. అతను చదవలేదు. చూశాడంతే.

"మీ అన్న ఎక్కడున్నాడు?" అన్నాను.

"ఏంటొదినా ఆ మాటలు? సముద్రంలో..."

"తీతూ. నా ఎదురుగా కూర్చుని అబద్ధం చెప్పాలంటే చెప్పు. రాసుకుంటాను. సభలో చదువుతాను."

అతను తీగ చుట్ట కింద పెట్టాడు.

"నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు. "అన్నే చెప్పాడు అలా చెప్పమని. పడవ మునగలేదు. తుక్కు ఓడవాళ్ళు తీసుకున్నారు, అన్నను, సౌండర్‌ని. ఇక్కడ పన్నెండింట్లో ఒక్కసారి నోరు తెరవాలి, అక్కడైతే ఎప్పుడు కావాలంటే అప్పుడు. అన్న తత్వం నీకు తెలుసు కదా, తన వంతు దాకా ఆగడమంటే ప్రాణం మీదికొచ్చేది."

"వెళ్తానని నాతో చెబితే ఆపేదాన్నా?"

"ఆపేదానివి కాదు. నువ్వు ఎవర్నీ ఆపవు. అడిగితే సభ సౌండర్‌ని ఇక్కడే వదిలి పొమ్మంటుంది. చచ్చిపోతే ఎవరూ అడగరు."

"నా గురించి ఏం అనుకున్నాడు?"

తీతు తల దించుకున్నాడు. "ఏడుస్తుంది, ప్రార్థన చేసుకుంటుంది, సర్దుకుంటుంది అన్నాడు."

ఇవి ఆయన మాటలే. ఆ తీరు నాకు తెలుసు.

"నువ్వు వెళ్ళి కలుస్తుంటావా?"

"నెలకోసారి. అక్కడి యంత్రాలు చూడాలి కదా."

అప్పుడు ఒకటి అడిగాను. అడగకుండా ఉండాల్సింది. "నా గురించి అడుగుతాడా?"

"ఎందుకడగడు? ఎల్లినప్పుడల్లా అడుగుతాడు. కృప ఇంకా ఆ వంతు ఖాళీగానే ఉంచుతోందా అని."

ఒక్క క్షణం, అంతా తెలిశాక కూడా, నా గుండె మెత్తబడింది. నేను గుర్తున్నాననుకున్నాను. తర్వాత తీతు ముఖం చూశాను. అతను నా కళ్ళలోకి చూడలేకపోతున్నాడు. అప్పుడు అర్థమైంది. పదకొండు పడవలు అరిచే నీళ్ళలో ఆయన ఏ వంతులో కేక వేసినా మా కేకలు కలిసి ఆయనకూ దొంగ గోడలు కనపడతాయి. శుభ్రమైన చోటు ఒక్కటే ఉంది, ఏడో వంతు. అందులో ఎవరూ అరవరు, ఎవరూ వినరు. దాన్ని ఏడేళ్ళు ఊడ్చి తుడిచి ఉంచింది నేను. ఆ ఎనిమిది అంకెలూ నేను చెవులు మూసుకుని ఆయన ఆత్మ కోసం ప్రార్థిస్తుంటానని ఆయనకు తెలుసు. ఆ పద్ధతి నాకు నేర్పింది ఆయనే.

"మొదట్లో మామూలు కేకే ఒదినా, ఎవరికీ అడ్డం రాలేదు," అంటున్నాడు తీతు. "నెల కిందట బలం పెంచారు. అది ఇంత దూరం వస్తాదని నేననుకోలేదు."

"నూకరత్నం సౌండర్ విప్పినప్పుడు తెలిసింది కదా?"

అతను పనిముట్లు సంచిలో సర్దడం మొదలుపెట్టాడు.

"ఆమె మొగుడి భుజం విరిగింది. నీకు తెలిసీ ఆమెకు వినడం రాదన్నావు."

"సభలో చెప్పకొదినా. వానాకాలం దాకా ఆగు. ఈలోగా అన్నకి చెప్పి మాన్పిస్తా. అన్న పేరు పోతాది, నీ పేరూ పోతాది. ఏడేళ్ళు తెల్లచీర కట్టుకుని..."

ఆ మాట అతను పూర్తి చెయ్యలేదు. నేనే లేచి తలుపు తెరిచి నిలబడ్డాను.


ముప్పై నాలుగో రోజు, శనివారం

మూడు రోజులుగా ప్రార్థన రావడం లేదు. మోకాళ్ళ మీద కూర్చుంటాను, నోటికి ఆ ఒక్క మాటే వస్తుంది, నీళ్ళలో ఉన్న మనిషి. అక్కడే ఆగిపోతాను. నీళ్ళలో మనిషి లేడు. ఏడేళ్ళు నేను పంపిన మాటలు ఎక్కడికి చేరాయో దేవునికే తెలియాలి. ఆయన్ను అడగడానికి నాకింకా ధైర్యం చాలలేదు.

వినికిడి గదికి కూడా ఒక సౌండర్ ఉంది. రెండు పడవలు వంతు తప్పి ఢీకొనేలా ఉంటేనే దాన్ని వాడాలి. మూడు చిన్న కేకలంటే ఈ వంతు నిండింది, తప్పుకో అని అర్థం. విన్నవాళ్ళు విన్నానని రెండు కేకలు వెయ్యాలి. పసిపిల్లలకు కూడా తెలిసిన గుర్తులు. నాతో పెళ్ళయిన కొత్తలో ఆయన గిన్నె మీద గరిటెతో కొట్టి చూపించేవాడు.

తొమ్మిదింటికి, ఏడో వంతులో, మూడు కేకలు వేశాను.

అర ఊపిరి తర్వాత రావాల్సిన కేక రాలేదు. అంటే విన్నాడు.

తర్వాతి చుట్టు, ఏడు. చెవి పెట్టి కూర్చున్నాను. రెండు కేకలు వస్తాయనుకున్నాను. విన్నాను అనడానికి రెండు కేకలు చాలు. క్షమించమనడం వద్దు, కారణం చెప్పడం వద్దు. ఏమీ రాలేదు.

మూడో చుట్టు. నాలుగో చుట్టు. పొద్దుగూకేదాకా ప్రతి చుట్టూ విన్నాను. రొయ్యల చిటపట తప్ప ఏమీ లేదు. మధ్యాహ్నం అన్నం తినలేదు, లేచి వెళ్ళినప్పుడు వస్తుందేమోనని.

ఆయన వినలేదని రాయలేను. విని, జవాబివ్వలేదు.


మట్టల ఆదివారం

ఆరాధన అయ్యాక అదే తెప్ప మీద సభ. మా దగ్గర ఈతమట్టలు దొరకవు కాబట్టి పిల్లలు రెల్లు పట్టుకుని తిరుగుతున్నారు. నూకరత్నం వెనక వరసలో, కట్టు కట్టిన భర్త పక్కన కూర్చుంది. వాళ్ళ గిన్నెలూ పరుపులూ అప్పటికే మూట కట్టి పడవలో పెట్టుకున్నారని తర్వాత తెలిసింది.

వీర్రాజు గారు నా వాక్యం చదివారు. పట్టికలో తప్పు లేదు, అన్ని వంతులూ విన్నాను. నేను లేచాను. నా గొంతు చిన్నది, వెనకవాళ్ళకు వినపడలేదు. "గట్టిగా చెప్పమ్మా," అన్నారెవరో. అప్పుడు ఈ పుస్తకం తెరిచి, ఇరవై రెండో రోజు నుంచి నిన్నటి దాకా చదివాను. ఒక్క మాట వదల్లేదు, తెల్లచీర మాట కూడా.

చదవడం అయ్యాక, "అన్ని వంతులూ విన్నానని రాసింది అబద్ధం," అన్నాను. "నూకరత్నం చెవిది తప్పు కాదు. వినకుండా రాసిన తప్పు నాది. ఏడాది పద్ధతిని ఏడేళ్ళు లాగిన తప్పు కూడా నాదే. అమ్మా, నన్ను క్షమించు."

తీతు ముందు వరసలో లేడు, ఎక్కడా లేడు. అతని పనిముట్ల సంచి తెచ్చి సభ ముందు పెట్టించారు వీర్రాజు గారు. అతని సంగతి విడిగా విచారిస్తారు. నూకరత్నం వంతు తియ్యరు. ఏడో వంతు ఎవరికో ఒకరికి ఇచ్చెయ్యాలని, ఎవరికన్నది నేనే చెప్పాలని అన్నారు.

"నూకరత్నానికి," అన్నాను. "సింహాద్రి గారు మళ్ళీ తన మూడో వంతుకు వెళ్తారు. ఎనిమిదో వంతు కొన్నాళ్ళు ఖాళీగా ఉంచుదాం. ఇంకేదైనా తిరిగొస్తే అందులోనే చచ్చిపోతుంది. ఆ వంతు కూడా నేను వింటాను."

బయటికి వచ్చాక నూకరత్నం నా కొంగు పట్టుకుని ఆపింది.

"పిన్నీ, నాకా వంతొద్దు. చచ్చినోడి వంతు."

"చావలేదమ్మా. అదే కదా సంగతి."

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో నాకు తెలియలేదు. తర్వాత నా చేతిలో ఉన్న పుస్తకం తీసుకుని, నన్ను గది దాకా నడిపించింది. దారిలో ఒక్క మాట కూడా అనలేదు. ఆమె అంతసేపు మాట్లాడకుండా ఉండటం నేను చూడ్డం ఇదే మొదటిసారి.


సోమవారం

సూర్యపలకలు తుడిచాను. దూదిగుడ్డలు మార్చాను. తెల్లచీర ఉతికి ఆరేశాను, మళ్ళీ కట్టుకోవాలో వద్దో ఇంకా తెలియదు. ఈ రోజుకు పెట్టెలో ఉన్న నీలంచీర కట్టుకున్నాను. మడతల దగ్గర చిరిగింది.

ఆరు గంటలకు మొదటి పడవ. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. నా కుడిచెయ్యి మీట మీదికి వెళ్ళింది. అక్కడే ఉంచాను, దించలేదు.

పెదాలు మాత్రం ఊరుకోలేదు. ప్రభువా, నీళ్ళ మీద ఉన్న ఆడబిడ్డను నీ చేతిలో ఉంచుకో. రెండు మాటలు మారాయి. అయినా ఎనిమిది అంకెలే పట్టింది. ఆయన కోసం ఏం అడగాలో ఇంకా రాలేదు. వస్తే అడుగుతాను.

ఇక నుంచి ఈ పుస్తకంలో నియమం ప్రకారమే రాస్తాను.

ఏడు, నూకరత్నం. సమయానికే.